నేను చంపేసిన నాటక రచయిత్రి

ఒకప్పుడు నేను ఒక నాటక రచయిత్రిని చంపాను. పోలీసులు రాలేదు. ఆవిడే వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

తొంభైల చివర్లో బెంగళూరు మడివాళలో పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. పగలు కంప్యూటరు, సాయంత్రం నాటకాల పిచ్చి. పాత పుస్తకాల బండి మీద ఒక ఆర్మేనియన్ అమెరికన్ రచయిత్రి నాటకం దొరికింది. ఊరు విడిచి అమెరికా చేరిన కుటుంబం, వంటింట్లో అత్తలందరివీ ఒకేసారి అరుపులు. అచ్చం మా ఇల్లే! వెంటనే తెలుగు చేసేశాను. అనుమతి అంటారా? కాగితాలు పసుపెక్కాయి, అట్ట మీద ఫోటో నలుపు తెలుపు. పోయి ఉంటుందని నేనే తేల్చేశాను.

మా నాటకంలో తాత వేషం కట్టే నంజుండప్పకు బళేపేటలో బట్టల కొట్టుంది. ఆయన అడగనే అడిగాడు.

"ఏమప్పా, ఆయమ్మ బతికుండాదో లేదో కనుక్కుంటివా?"

"ఇంకెక్కడుంది అన్నా! ఈపాటికి ఆవిడ మనవలకే మనవలుంటారు."

ప్రదర్శన రోజు ఆ ఫోటోను పెద్దది చేయించి, బొట్టు పెట్టి, దండ వేశాం. ఇంతలో తెల్లజుట్టు విదేశీయురాలు ఒకావిడ హాల్లోకి వచ్చింది. అతిథి దొరికిందని నాకు ఒళ్లు తెలియలేదు.

"నేను..." అంటూ ఆవిడ ఏదో చెప్పబోయింది.

"ముందు దీపం, మేడమ్!" అని లాక్కెళ్లాను.

ఆవిడ దీపం వెలిగించి, ఫోటోను చూస్తూ కళ్లు తుడుచుకుంది. ఎంత సంస్కారమో అనుకున్నాను. తర్వాత మైకులో, "దివంగత రచయిత్రి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం" అన్నాను. అందరూ లేచారు. తెలుగు రాని ఆవిడా లేచి తల వంచింది.

నాటకం అయ్యాక నా దగ్గరకు వచ్చింది.

"ఆ ఫోటో నాదే. ఇక్కడ కాలేజీలో ఉపన్యాసానికి వచ్చి, మీ పోస్టరు మీద ఇంగ్లీషులో నా పేరు చూశాను. దండ ఎంత బాగుందో! ఇంతకీ మౌనం ఎవరికి? పాపం, ఎవరు పోయారు?"

ఆవిడ వద్దంటే మూడు నెలల రిహార్సళ్లు, వచ్చే ఆదివారం మరో ప్రదర్శన, అన్నీ గంగపాలే.

"అదీ... మా పద్ధతి..." అని నీళ్లు నమిలాను.

నంజుండప్పకు దాపరికం తెలీదు. వచ్చిన ఇంగ్లీషులో, "మీరే మేడమ్" అన్నాడు, ఎంతో బాధగా.

ఆవిడ కుర్చీలో కూలబడింది. అయిపోయింది నా పని అనుకుంటుండగా పగలబడి నవ్వింది.

"ఆ అత్తలంతా మావాళ్లే. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నా ముందు ఒక్కరూ రెండు నిమిషాలు నోరు మూసుకోలేదు. మీరు హాలు హాలంతా మూయించారు! నాటకం ఆడుకోండి. కానీ ప్రతిసారీ ఆ మౌనం ఉండాలి."

ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో ఆడామో, అన్నిసార్లూ ఆవిడకు ఆత్మశాంతి కోరాం. ఆవిడ మాత్రం ఏటా కొత్త సంవత్సరం కార్డు పంపేది.

ఆ దీపం సాక్షిగా నేనూ ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై ఏ రచయితనైనా చంపాల్సి వస్తే, ముందుగా ఉత్తరం రాసి, అనుమతి తీసుకున్నాకే చంపుతాను.