కేకల డాక్టరమ్మ

ఆ ఆసుపత్రి ప్రసూతి వార్డులో డాక్టరమ్మను ఎదురుగా 'మేడమ్' అనేవారు. వెనకాల 'ఉరుము' అనేవారు. చెయ్యి మంచిది. ఎంత చిక్కుపడ్డ కాన్పయినా ఆవిడ చెయ్యి పడితే తల్లీబిడ్డా క్షేమమని చెప్పుకునేవారు. నోరు మాత్రం చెయ్యంత మంచిది కాదు. కత్తెర అందించడం కాస్త ఆలస్యమైతే ట్రే ఎగిరి గోడకు తగిలేది. "కళ్లు నెత్తికెక్కాయా?" అని ఆవిడ లోపల అరిస్తే, బయట బెంచీ మీద కూర్చున్న మగవాళ్లు ఉలిక్కిపడి లేచి నిలబడేవారు.

విచిత్రమేమిటంటే, ఇంట్లో ఆవిడ గొంతే పైకి వచ్చేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందని అత్తగారు సణిగినా 'సరేలెండి అత్తయ్యా' అని ఊరుకునేది. "అందరూ ఇంట్లో పులి, వీధిలో పిల్లి. మా ఆవిడ తిరగేసి పుట్టింది" అని భర్త నవ్వేవాడు.

ఆ వార్డులో పెద్ద సిస్టర్ ఏళ్ల తరబడి ఆవిడ పక్కనే పనిచేసింది. ఒకరోజు ఒక బాలింత నాడి వేగంగా ఉందని ఆవిడకు ఫోన్ చేసింది. డాక్టరమ్మ పరుగున వచ్చి చూస్తే ఏమీ లేదు. "ఇంతోటిదానికి నన్ను పరిగెత్తిస్తావా? నాడి చూడ్డం కూడా మళ్లీ నేర్పాలా నీకు?" అని బంధువులందరి ముందూ కడిగేసింది. పెద్ద సిస్టర్ తల దించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మరో బాలింత ముఖం పాలిపోయింది. తొలికాన్పు. రక్తం కాస్త ఎక్కువే పోతున్నట్టుంది. పెద్ద సిస్టర్ ఫోన్ తీసింది, పెట్టేసింది. ఇంకాసేపు చూద్దామనుకుంది. మళ్లీ తీసేసరికి పక్కదుప్పటి తడిసిపోయింది. డాక్టరమ్మ ప్రాణం నిలబెట్టింది గానీ గర్భసంచి తీసేయక తప్పలేదు. ఆ పిల్లకు ఇక ఆ ఒక్క బిడ్డే.

థియేటర్‌లోంచి బయటికొస్తూనే డాక్టరమ్మ పెద్ద సిస్టర్ మీద విరుచుకుపడింది. "ఎందుకు పిలవలేదు?"

"భయమేసింది మేడమ్."

"ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని రక్తం చూసి భయమా?"

"రక్తాన్ని చూసి కాదు మేడమ్. మిమ్మల్ని చూసి."



ఆ మాట చెవిన పడి, ఆసుపత్రి సూపరింటెండెంటు ఆవిడను మనస్తత్వ నిపుణుడి దగ్గరకు పంపాడు. "నాకేమన్నా పిచ్చా?" అని రుసరుసలాడుతూనే వెళ్లింది. ఆ పెద్దాయన ఎంత నిదానమంటే, మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీయొచ్చు. అది ఆవిడ ఒంటికి కారం రాసినట్టుండేది. కుర్చీలో కూర్చోలేదు. కిటికీకీ తలుపుకీ మధ్య పచార్లు చేస్తూనే ఉంది.

"అరవబోయే ముందు మీకు ఒంట్లో ఏమవుతుందమ్మా?"

"ఏమవుతుంది? కోపమొస్తుంది."

"కోపానికి ముందు?"

ఆవిడ చెప్పులు నేలకు రాస్తూ నిలబడిపోయింది. "చేతులు చల్లబడతాయి."

"మరి ఇంట్లో అరవరట కదా?"

"ఇంట్లో ఎవరూ చావరు కదండీ!"

ఆ మాట అన్నాక ఆవిడే వచ్చి కుర్చీలో కూర్చుంది. అప్పుడు చెప్పింది, భర్తకు కూడా చెప్పని సంగతి. చదువుకునే రోజుల్లో ఒక తల్లి పరిస్థితి తేడాగా ఉందని గమనించి, "సర్, ఒకసారి చూడండి" అని మెల్లగా అడిగింది. పెద్ద డాక్టరు తలైనా తిప్పలేదు. మళ్లీ అడిగే ధైర్యం చాల్లేదు. ఆ తల్లి దక్కలేదు. మెత్తగా మాట్లాడితే మనుషులు చస్తారని ఆవిడ ఆనాడే తీర్మానించుకుంది.

"అంటే, అప్పుడు మీరున్న చోట ఇప్పుడు ఆ నర్సు ఉందన్నమాట" అన్నాడాయన.

డాక్టరమ్మ బ్యాగు తీసుకుని, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచింది.

రెండు వీధులు ఎక్కడికో తెలియకుండా తిరిగి, చివరికి ఆసుపత్రికే వెళ్లింది. బాలింత మంచం పక్కన నిలబడి, "లోపం నీ ఒంట్లో లేదమ్మా, మా వార్డులో ఉంది. ముఖ్యంగా నాలో" అంది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పెద్ద సిస్టర్‌ని తనను క్షమించమని అడిగితే ఆమె చేతులు కడుక్కుంటూనే అంది: "మీ మీద కోపం లేదు మేడమ్. కానీ మీ అడుగుల చప్పుడు వినిపిస్తే చేస్తున్న పని మర్చిపోతున్నా. నేను పిల్లల వార్డుకు మారిపోతా." మారిపోయింది కూడా.

మిగిలినవాళ్లను పిలిచి డాక్టరమ్మ చెప్పింది: "అనుమానమొస్తే చాలు, ఫోన్ చేయండి. వచ్చాక ఏమీ లేదని తేలినా నోరెత్తను. ఎత్తితే సూపరింటెండెంటుకి చెప్పండి."

చెప్పగానే నమ్ముతారా! ఫోన్ మోగలేదు. అది మోగనికొద్దీ ఆవిడకు కాలు నిలిచేది కాదు. గంటగంటకీ తనే వార్డు చుట్టొచ్చేది. ఆవిడను చూడగానే మాటలు ఆగిపోయేవి. ఒకట్రెండుసార్లు గొంతు లేచింది కూడా. మధ్యలోనే మింగి బయటికి వెళ్లిపోయింది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు" అన్నాడు భర్త, వేళాకోళంగా.

"ఇది పుట్టుకతో రాలేదండీ. ఉద్యోగంతో వచ్చింది" అంది ఆవిడ నవ్వకుండా.

కొన్నాళ్లకు ఒక నర్సు ఫోన్ చేసింది. డాక్టరమ్మ భోజనం వదిలేసి పరిగెత్తింది. చూస్తే ఏమీ లేదు, తల్లి నిక్షేపంగా ఉంది. చేతులు చల్లబడ్డాయి. మాట గొంతు దాకా వచ్చింది. నర్సు ఒకడుగు వెనక్కి వేసింది.

"మంచిపని చేశావు" అంది డాక్టరమ్మ. గొంతు కీచుమంది.

నర్సు బిత్తరపోయి చూసింది. డాక్టరమ్మ తల్లి నాడి మళ్లీ ఒకసారి పట్టుకుని చూసింది.