సమజైందా బిడ్డా

సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు మా బస్సు పంజగుట్ట దగ్గర ఆగింది. డ్రైవరు ఇంజనులో నీళ్ళు పోయడానికి దిగాడు. నా భార్య పోయి అప్పటికి నెల కాలేదు; ఎవరితోనూ మాట్లాడాలని లేదు. పక్కన కూర్చున్న నడివయసు పంతులే మాట కలిపాడు. అమీర్‌పేటలో సర్కారు పంతుళ్ళకు పెట్టిన శిక్షణ ముగించుకుని ఇంటికి పోతున్నాడు.

"పిల్లలు లేకుంటనే పాఠం చెప్పమన్నరు సాబ్. మా అసుంటి పంతుళ్ళే పిల్లల్లెక్క బెంచీల మీద కూసున్నరు. సర్కారు భాష గద, అంతా ఉర్దూలనే చెప్పాలె."

"మరి చెప్పిన్రా?"

"మస్తుగ చెప్పిన. ఆఖర్ల నోరు జారి తెలుగొచ్చింది. ముందట గడ్డం నెరిసిన ముసలి పంతులు కూసున్నడు. అలవాటు కొద్ది ఆయన్ని 'సమజైందా బిడ్డా?' అన్న."

నేను నవ్వాను. ఆమె పోయాక అదే మొదటిసారి.

"అందరు గట్లనే నవ్విన్రు. పరీక్ష చేసే పెద్దసారు ఒక్కడే నవ్వలే, ఫేల్ చేసిండు. జర మా బడికొచ్చి, మా పిల్లల ముందట నా పాఠం చూడున్రి అన్న. ఎదురు చెప్తున్నవా అన్నడు. ఫేలైతే నౌకరి పోయినట్టే. మా ఊరి బడికి నేనొక్కణ్ణే సాబ్. ఇగ బడికి తాళమే."

బస్సు కదిలింది.

ఆయన పేరు అడగలేదు, దిగేటప్పుడు ఆయన చెప్పిన ఊరి పేరు మాత్రం గుర్తుంది. రెండేళ్ళ తరువాత ఆ దారిన పోతూ దిగాను. బడి గదిలో ఎవరో మగ్గం వేసుకున్నారు. పంతులు ఎటు పోయాడో నేతాయనకు తెలియదు.

ఆ ఊళ్ళో ఇప్పుడు పిల్లలకు ఎవరూ పాఠం చెప్పడం లేదు.