యాకూబ్ భాయ్ ఎంచిన పంఖా

వరంగల్ మట్టెవాడ మెకానిక్ యాకూబ్ భాయ్ హఠాన్మరణ వార్త మొన్న శుక్రవారం పరకాల బస్టాండులో విన్నాను. వరంగల్ బస్సు దిగిన మనిషి మామూలు కబురులా చెప్పి వెళ్లిపోయాడు. చెప్పిన చాయ్ తాగకుండానే వరంగల్ తిరిగి వెళ్లే అదే బస్సెక్కాను. దుఃఖం కంటే ముందు నన్ను భయం పట్టుకుంది. నా అపరాధం ఎరిగిన ఒక్క మనిషీ పోయాడు; ఇక దాన్ని చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే.

పొలాల ఆయిల్ ఇంజన్లు బాగుచేయడం ఆయన వృత్తి. గోదావరి వరదల్లో జనాన్ని దాటించడానికి మా అగ్నిమాపక శాఖ మోటారు పడవ తెచ్చినప్పుడు నడిపేవాణ్ణి నేను. మోటారు బిగించిందీ, దాని కింద నీళ్లలో తిరిగే పంఖాను ఎంచిందీ ఆయన. అప్పటి ఆయన నిష్ఠ చూడవలసిందే. పడవ నిండా ఇసుక బస్తాలు వేయించి, ఏటికి ఎదురు నడిపించి, కళ్లు మూసుకుని మోటారు చప్పుడు వినేవారు. చెక్కముక్కలు పెట్టి మోటారును వేలెడు పైకీ వేలెడు కిందికీ జరిపేవారు. మరీ పైకైతే పంఖా గాలి మింగుతుంది, మరీ కిందికైతే నీళ్లు అడ్డుపడి పడవ మందగిస్తుంది.

"ఉత్త పడవ మాట నమ్మకు తమ్మీ. జనం ఎక్కినంక ఏం చెప్తదో గది ఇను," అనేవారు.

పడవతో వచ్చిన రెండు పంఖాలలో రెక్కల మెలిక తక్కువున్నదాన్ని ఎంచారు. దానితో వేగం రాదు, బరువు మాత్రం లాగుతుంది. మెలిక ఎక్కువున్నదాన్ని నా చేతికిచ్చి, "గిది ఉరుకుతది గని మోయది. జనమున్నప్పుడు పెట్టకు," అన్నారు.

పెద్ద అధికారి పడవ చూడ వస్తున్నాడని తెలిసి నేను ఆ ఉరికేదాన్నే బిగించాను. ఖాళీ పడవ దూసుకుపోయింది. అందరూ శభాష్ అన్నారు. ఆ పొగడ్తకు ఉబ్బిపోయి, పాతదాన్ని మళ్లీ పెట్టలేదు. వారం తిరక్కుండానే వరద వచ్చింది. నది మధ్య మెరక మీద చిక్కిన పదిహేను మందిని ఎక్కించుకుంటే మోటారు రొప్పింది, పడవ ఎదురు కదలలేదు. ఐదుగురిని అక్కడే దించి, మిగతావారిని ఒడ్డుకు చేర్చి తిరిగి వెళ్లేసరికి నలుగురే ఉన్నారు. కొట్టుకుపోయినామె పేరు లచ్చమ్మ.

విచారణలో తప్పు యాకూబ్ భాయ్ ఎంపికదన్నారు. నేను నోరు విప్పలేదు. ఆయన వచ్చి పడవకున్న పంఖా రెక్క మీద బొటనవేలు పెట్టి చూసి, అది తానెంచినది కాదని గ్రహించి, నన్ను పక్కకు పిలిచారు.

"నేను చెప్తననుకున్నవా? చెప్ప. చెప్పుడు నీ పని, నాది గాదు."

తర్వాతి నాలుగేళ్లలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎప్పుడు వెళ్లినా స్టూలు జరిపి కూర్చోబెట్టేవారు. తిట్టినా బాగుండేది. ఆయన మాత్రం మళ్లీ పడవ ముట్టలేదు, ముట్టమని ఎవరూ అడగనూ లేదు.

ఖబరస్తానులో మట్టి ఇచ్చి వస్తుంటే ఆయన పెద్దకొడుకు సలీం నా చెయ్యి పట్టుకున్నాడు. అతనికీ తల నెరుస్తోంది.

"చాచా, మా అబ్బా చేసిన పనికి వంక పెట్టినోడు లేడు. గా ఒక్క పంఖా ఎట్ల తప్పిండో ఎన్నిసార్లు అడిగినా చెప్పలే. మీకేమన్న ఎరుకనా?"

లేదని తల ఊపి బస్సెక్కాను.

చప్పుడు విని యంత్రం బాధ చెప్పగల అటువంటి మనిషి వరంగల్లుకు మళ్లీ దొరకడు. ఆయనకు నమస్కరించే అర్హత నాకుందో లేదో తెలియదు. నీ ముందు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను సలీం, నాకు ఎరుకే బిడ్డా. మీ అబ్బా తప్పలేదు. ఆ పంఖా బిగించింది నేను. ఆయన ఎంచింది ఇప్పటికీ మా ఇంట్లో గోనెసంచిలో ఉంది. చెప్పుడు నా పని అన్నారాయన. ఆయన వినలేని రోజున చెప్తున్నాను.