కాలవ గట్టు నక్కలూ, మా బొచ్చుకుక్కా

నేను జీవితంలో మొదటిసారి నక్కను చూసినప్పుడు దాన్ని "ఛో ఛో, రా రా" అని పిలిచి బిస్కట్టు వేశాను. బెజవాడ గవర్నర్‌పేట సందుల్లో పుట్టి పెరిగినవాణ్ణి. నాలుగు కాళ్ళూ ఒక తోకా ఉండి పాలివ్వని ప్రతిదీ నా లెక్కలో కుక్కే. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది కాబట్టి నక్క పాఠం దాకా రాలేదని తర్వాత మా ఆవిడ దగ్గర సమర్థించుకోబోయాను.

"నక్క బొమ్మ ఒకటో తరగతి వాచకంలోనే ఉంటుందండీ," అంది.

ఆ పుస్తకం కూడా నేను సరిగ్గా చూడలేదని అలా బయటపడింది.

ఇది డెబ్బైల మొదట్లో మాట. లాడ్జీలో గదులు సర్దే పని చేసుకుంటున్న నాకు గన్నవరం అవతల, కాలవ పక్క పల్లెలో సంబంధం కుదిరింది. వాళ్ళకి ఒక్కతే కూతురు. అందుకని ఇల్లరికం. ఆ ఇంటికి నేను పట్టుకెళ్ళిన ఆస్తి ఒక రేకు పెట్టె, ఒక తెల్ల బొచ్చుకుక్క. లాడ్జీలో దిగిన ఎవరో పెద్దమనిషి దాన్ని గదిలో వదిలేసి వెళ్ళిపోతే నేను తెచ్చుకుని పెంచాను. కొత్త ఊళ్ళో, కొత్త ఇంట్లో, పెళ్ళికి ముందు నుంచీ నన్నెరిగిన ప్రాణి అదొక్కటే. దానికేమన్నా అయితే అక్కడ నాదంటూ ఏమీ మిగలదని లోపల బెంగగా ఉండేది. పైకి మాత్రం జోకులేసేవాణ్ణి.

మా అత్తగారికి కుక్కలంటే గిట్టదు. ఆ సంగతి ఆవిడ నాతో అనలేదు. అసలు నాతో ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అత్తగారు అల్లుడికి ఎదురుపడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. తలుపు చాటున నిలబడి కూతురితో అనేది:

"ఆ దూదిపింజని గడప ఎక్కనియ్యొద్దని చెప్పవే."

"అలాగేనని చెప్పు," అనేవాణ్ణి ఇవతలి నుంచి.

మా ఇద్దరి మధ్యా ఒక తలుపు రెక్క. మా ఆవిడ మాత్రం ట్రంకు కాల్ కలిపే ఆపరేటరులా అలిసిపోయేది.

కుక్కకి గొడ్ల సావిట్లో, గేదెల పక్కన చోటిచ్చారు. పొద్దుగూకే ముందు దాన్ని కట్టెయ్యాలి, బాగా తెల్లవారాక గానీ విప్పకూడదు. కాలవ గట్టు తుప్పల్లో నక్కలున్నాయి. కోతలై వరి పనలు చేలో ఆరుతుంటే ఎలకలు చేరేవి, ఎలకల కోసం నక్కలు వచ్చేవి. మా మామగారు వాటిని పల్లెత్తు మాట అననిచ్చేవారు కాదు. "అవి లేకపోతే ఎలకలు మనకి గడ్డి మిగిలిస్తాయి అల్లుడూ," అనేవారు. కోళ్ళని గంప కింద పెట్టి పైన రాయి పెట్టడం, మేకపిల్లల్ని లోపలికి తోలడం, అంతే ఆయన చేసేది. వాటి కూతలు రోజూ వింటున్నా, ఒక్కదాన్నీ నేను కళ్ళారా చూడలేదు.

ఒక రోజు మంచు దట్టంగా కురుస్తున్న పొద్దున, కుక్క ఒకటే గోల చేస్తుంటే జాలేసి విప్పాను. ఇద్దరం గట్టెక్కాం. మంచులో అల్లంత దూరాన బక్కపల్చటి కుక్కొకటి నిలబడి ఉంది. బిస్కట్టు విసిరాను. తీసుకోలేదు. మాదానికేసి చూసి, ముందుకాళ్ళు వంచి, రెండడుగులు వెనక్కి గెంతింది. మాది తోకాడిస్తూ దాని వెంటపడింది. అది ఇంకాస్త వెనక్కి, మాది ఇంకాస్త ముందుకి. నాకు ముచ్చటేసింది. ఇన్నాళ్ళకి దానికీ ఈ ఊళ్ళో స్నేహం కుదిరిందని మురిసిపోయాను. పనల చాటున ఇంకో స్నేహితుడు పొంచి ఉన్న సంగతి నాకూ తెలియదు, దానికీ తెలియదు.

రెండోది వెనకనుంచి దూకి మెడ పట్టుకుంది. కుక్క కెవ్వుమంది. నా కాళ్ళు గట్టుకి అతుక్కుపోయాయి.

"ఓరి సన్నాసీ! చెట్టల్లే నుంచున్నావేం? ఇటు రా!"

వెనకనుంచి వచ్చింది ఆ కేక. మా అత్తగారు. పేడ ఎత్తుతున్న తట్టతో సహా సావిట్లోంచి చేలోకి పరుగెత్తుకొస్తోంది. ఆ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. తలుపు రెక్క దాటి ఎప్పుడొచ్చింది గనక! పేడతట్ట గాల్లోకి లేచి నక్క వీపు మీద పడింది. నక్కలు రెండూ మంచులో కలిసిపోయాయి. కుక్క నెత్తురోడుతూ ఆవిడ దగ్గరికి పరుగెత్తింది. గడప ఎక్కనివ్వని ఆ దూదిపింజని ఆవిడ కొంగులో చుట్టుకుని బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. పంపు కొట్టమని నాకు చేత్తో సైగ చేసింది. నేను పంపు కొడుతుంటే, ఆవిడ బట్టల సబ్బుతో గాయం కడిగింది, ఎంతసేపు కడిగిందో. మాట మాత్రం మళ్ళీ లేదు.

గన్నవరం పశువుల డాక్టరు గారు కుక్కకి కుట్లు వేసి, సూది మందిచ్చారు. అది మామూలు నక్కో పిచ్చి నక్కో తెలియదు గనక విడిగా కట్టేసి కనిపెట్టుకుని ఉండమన్నారు. ఎవరెవరు ముట్టుకున్నారని అడిగారు. మా అత్తగారి చేతికి కొడవలి గాటుంది. ఆ గాటుకి నక్క చొంగ తగిలి ఉండొచ్చు గనక ఆవిడకీ ఇంజక్షన్లు తప్పవన్నారు. అప్పట్లో ఆ ఇంజక్షన్లు బొడ్డు చుట్టూ, రోజూ, బెజవాడ పెద్దాసుపత్రిలో.

ఇంటికి వచ్చేసరికి కర్రలతో నలుగురు నిలబడి ఉన్నారు. పిచ్చి ఊరంతా పాకక ముందే కుక్కను తీసెయ్యాలని ఒకరు, నక్కలకి నాటుబాంబులు పెడదామని ఒకరు.

"అవి వాటి తిరుగుడు అవి తిరిగాయయ్యా. మన కుక్కే చుట్టరికానికి పోయింది," అన్నారు మామగారు.

కుక్క సంగతి తలుపు చాటునుంచి తేలింది. "డాక్టరు కట్టేసి చూడమన్నాడు, చూస్తాం. అది ఈ ఇంటి కుక్క. కర్రలు ఆ మూల పెట్టి కాఫీలు తాగి పొమ్మనవే వాళ్ళని."

ఈ ఇంటి కుక్క! ఆ మాట విన్నాక నేను సావిట్లోకి పోయి, గేదె చాటున కళ్ళు తుడుచుకున్నాను.

మా ఆవిడకి నెలలు నిండాయి, బస్సెక్కలేదు. మామగారు కుప్ప వదిలి రాలేరు. కోతల్లో ఎందుకూ పనికిరాని మనిషిని నేనొక్కణ్ణే గనక అత్తగారిని బెజవాడ తీసుకెళ్ళే పని నాకు పడింది. ఆవిడ ముందు ఆడవాళ్ళ సీట్లో, నేను వెనక. మధ్యలో పాపం కండక్టరు.

"బాబూ, ఆ వెనకాల ఆయన్ని పొద్దున చద్దన్నం తిన్నాడో లేదో అడుగు."

"తిన్నానని చెప్పు గురూ. నొప్పి ఎలా ఉందో అడుగు."

"నొప్పి లేదని చెప్పు బాబూ."

అబద్ధం. దిగేటప్పుడు పొట్ట పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగేది. ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరి ద్వారానూ అనిపించలేదు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, ముందు సావిట్లోకి తొంగిచూసి, దూరం నుంచే ముంతలోకి నీళ్ళు పోసేది. కుక్క నీళ్ళకి బెదరకుండా తాగితే ఆవిడ మొహం తేటపడేది. అది చూసి నాకు ప్రాణం కుదుటపడేది. సొంత తల్లి కూడా నా వస్తువునలా తన వస్తువనుకుని చూడలేదు. ఆ కృతజ్ఞత నేరుగా చెప్పడానికి మా మధ్య దారి లేదు.

ఇంజక్షన్లు అయిపోయిన రోజుకి కుక్క గాయం మాని, తాడు తెంపుకునేలా గంతులేస్తోంది. తిరుగు బస్సులో నా నోరు ఊరుకోలేదు.

"గురూ, ఆ ముందు సీట్లో అమ్మగారికి నేను దణ్ణం పెట్టానని చెప్పు. అలాగే ఒక్క సందేహం కూడా అడుగు. ఆవేళ చేలో 'సన్నాసీ, చెట్టల్లే నుంచున్నావేం' అని అల్లుణ్ణి నేరుగా అన్నారు కదా, ఆచారం ఏమైనట్టు?"

కండక్టరు నవ్వాపుకుంటూ వెళ్ళి అంతా చెప్పాడు. బస్సులో సగం మంది ముందుకి వంగారు. ఆవిడ తల తిప్పలేదు. కొంగు సర్దుకుని, కిటికీలోంచి చూస్తూ అంది:

"నేనన్నది కుక్కనని చెప్పు బాబూ. అది ఒక్క కేకకే వచ్చింది."