డచెస్‌కి తామర

మా వీధిలో ఉండే క్లెమ్ హార్గ్రీవ్స్‌ని పెళ్లెందుకు కాలేదని అడిగితే కోటు లోపలి జేబు తెరిచి చూపించేవాడు. అందులో డచెస్ ఉండేది. ముంగిసలా పొడుగ్గా, మీగడ రంగులో ఉండే ఆడ ఫెరెట్. బొగ్గుగని మూతపడ్డాక మా యార్క్‌షైర్ మగాళ్లకి మిగిలిన పని ఒక్కటే: కుందేలు కలుగులోకి ఫెరెట్‌ని వదిలి, బయట వల పన్ని కూర్చోవడం.

ఆ జనవరిలో డచెస్ చెవి వెనక గుండీ అంత మేర బొచ్చు ఊడింది. "బొచ్చు మారుస్తోందిలే" అన్నాడు క్లెమ్. వారం తిరిగేసరికి అది పొలుసులు కట్టి గుండ్రంగా పాకింది. మరో వారానికి అతని అక్క మూరియల్ మోచేతి మీదా ఎర్రటి చక్రం లేచింది.

"ఒరేయ్, నీ డచెస్ నాకు తామర అంటించిందిరా! ఈస్టర్‌లోగా నయం కాకపోతే అది ఈ ఇంట్లో ఉండదు, చెప్తున్నా!"

ఇల్లు మూరియల్‌ది. ఆవిడ అన్నదంటే అన్నట్టే. క్లెమ్‌కి రెండు రోజులు తిండి సయించలేదు.

పశువుల డాక్టరు ఇమోజెన్, తామరైతే మెరుస్తుందని చీకటి గదిలో నీలం దీపం వేసి చూసింది. ఏమీ మెరవలేదు. క్లెమ్ ఎగిరి గంతేశాడు.

"ఆగండి తాతా, అన్ని రకాల తామరా ఈ దీపానికి దొరకదు" అంటూ మచ్చ అంచు నుంచి నాలుగు వెంట్రుకలు పీకి పరీక్షకి పంపింది. మూడు వారాలకి తేలింది, తామరే. ఇక నోట్లో మందు, వారానికి రెండు గంధకం స్నానాలు, మరుగు నీళ్లలో పక్కబట్టలు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదని ఆంక్ష. ఆ గంధకం కంపుకి మా ఇంటి కిటికీలు కూడా మూసుకున్నాం. క్లెమ్ అన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. అయినా రెండో పరీక్షలోనూ తామర కనబడింది.

ఆ రోజు డాక్టరు దగ్గరికి నేనూ తోడెళ్లాను. చలిగా ఉందని డచెస్‌ని పెట్టెలో కాక జేబులో తెచ్చాడు.

"ఆ కోటు ఎప్పుడు ఉతికారు?" అంది ఇమోజెన్.

"ఉతకడమా? సబ్బు వాసన తగిలితే కుందేలు బయటికొస్తుందా? ముప్పయ్యేళ్లుగా నీళ్లు తగల్లేదు దీనికి!"

"తామర ఆ జేబులోనే దాక్కుంది. ఇక్కడ నేను తోడుతుంటే అక్కడ మీరు పోస్తున్నారన్నమాట."

నాకు నవ్వాగలేదు. క్లెమ్ నవ్వలేదు. ఇంటికెళ్లి పెరట్లో తన చేత్తోనే కోటుకి నిప్పంటించి, అది కాలినంతసేపూ టోపీ తీసి నిలబడ్డాడు. నా కళ్లు చెమర్చాయి, పొగ వల్ల కాదు.

ఈస్టర్‌కి మూడు రోజుల ముందు, నేను వాళ్లింట్లో ఉండగా ఇమోజెన్ నుంచి ఫోనొచ్చింది. వరసగా రెండు పరీక్షల్లోనూ తామర లేదు! క్లెమ్ గ్లవ్స్ విసిరేసి డచెస్‌ని ఎత్తుకున్నాడు. అది పాత అలవాటు ప్రకారం చటుక్కున అతని వేలు కొరికింది.

"చూశావా అక్కా, కొరికింది! నన్ను మర్చిపోలేదే!"

"రక్తం కారుతుంటే ఆ ఇకిలింపేమిట్రా, వెధవా?"

గుడ్డపీలిక తెస్తానని లేచిన మూరియల్, వెళ్తూ వెళ్తూ డచెస్ తల నిమిరింది. నేను చూశాను, ఉత్త చేత్తోనే.