మందు కొద్దీ మొద్దు

ఒక మంచివార్త, ఒక ఘోరం ఉన్నాయి. మంచివార్త ముందు: నేను పాసయ్యాను. మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ పక్కన నిలబడి పనిచేసే చదువు. ఘోరం ఏమిటంటే, పట్టా చేతికొచ్చిన మూడోవారమే ఆ చదువునంతా మా మేనమామ కుడిచేతి మీద ప్రయోగించాను.

తర్లగూడ దగ్గరి మా ఊళ్ళో మామ చింతపండు రాల్చబోయి, తనే రాలి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నేను పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. పొద్దున తొమ్మిదింటికి మా డాక్టరమ్మ చంకలో నరాల పక్కన మత్తుమందు ఎక్కించింది. మనిషి మెలకువగానే ఉన్నాడు, చెయ్యి నిద్రపోయింది. ఆపరేషన్ చక్కగా అయింది. చెయ్యి మేలుకోకముందే, మూడింటికల్లా, నొప్పి మాత్ర వేయమని ఆమె చీటీ రాసిచ్చింది.

వార్డులో మామ కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో ఎత్తి చూడబోయాడు. అది జారి ఆయన ముక్కుమీదే పడింది.

"ఇది నాదేనా కోడలా? ఎప్పుడు లేస్తది?"

చూడండి, ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కిందటివారం ఒకాయనకు ఇదే మందు పదిహేను మిల్లీలీటర్లు ఇస్తే చెయ్యి ఎనిమిది గంటలు పడుకుంది. మామకు ఇచ్చింది ముప్పై. తునికాకు యాభై ఆకులకు ఒక కట్ట, నూరాకులకు రెండు కట్టలు. పుట్టినప్పటినుంచీ కట్టలు కట్టిన చేతులకు ఇంకో లెక్క రాదు. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మందు కొద్దీ మొద్దు అన్నాను నేను. ఎనిమిది రెళ్ళు పదహారు.

"రాత్రి ఒంటిగంటకు లేస్తది మామా" అన్నాను, బస్సు టైము చెప్పినట్టు.

"మరి మూడింటికి గోలీ ఏంది?" అంది అత్త.

"నొప్పి లేనోనికి గోలీ దండగ అత్తా. పడుకునేటప్పుడు ఎయ్యి."

అత్త చీటీని మడిచి కొంగున ముడేసింది. ఆమె దృష్టిలో చీటీకంటే పట్టా పెద్దది. పక్క మంచాలవాళ్ళు అడిగితే అదే సంగతి హిందీలో ఒకసారి, మా అడవి పల్లెల దోర్లి భాషలో ఒకసారి వివరించాను. ఒకే తప్పును మూడు భాషల్లో చెప్పగల చదువు నాది.

సాయంత్రం ఆరుంబావుకు మామ వేళ్ళు కదిలాయి. అందరం సంతోషించాం. ఆరున్నరకు మామ సంతోషించడం మానేశాడు. ఏడింటికి దిండు కొరుకుతున్నాడు. నేను గోడ గడియారం చెడిపోయిందేమోనని చూశాను.

డాక్టరమ్మ వచ్చి సూది వేయించి, మాత్ర ఎందుకు వేయలేదని అడిగింది.

"మా పిల్ల వద్దన్నది. డిగ్రీ చదివింది గదమ్మా" అంది అత్త, అంత ఏడుపులోనూ గర్వంగా.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. మందు రెట్టింపైతే నిద్ర రెట్టింపు కాదనీ, కాస్త పెరుగుతుందంతేననీ, పెంచేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుందనీ, పైగా ఒక్కో ఒంటిది ఒక్కో తీరనీ నెమ్మదిగా చెప్పింది. పరీక్షలో ఇదే ప్రశ్నకు నేను ఇదే జవాబు రాశాను. మార్కులు కూడా వచ్చాయి.

నొప్పి దిగాక మామ కళ్ళు తెరిచాడు.

"ఒక డొప్ప ఇప్పసారా తాగితే పొద్దెక్కేదాక పండుకుంట. రెండు డొప్పలు తాగితే ఇంకో గంట పండుకుంట. అంతేగని రెండు దినాలు పండుకుంటనా? నన్నడిగితే చెప్పకపోదునా కోడలా?"

అందుచేత పట్టా మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: "లేచినప్పుడు లేస్తది, నువ్వు ముందు గోలీ మింగు." ఇంతకుమించి ఒక్క ముక్క నా నోట వస్తే, ఆ పట్టా చించి మామ చేతికి కట్టుగా చుట్టవచ్చు.