మత్తడి దిగే నీళ్ళు

ఒక ఏడు ఎండి, మరో ఏడు నీళ్ళు నిలిచి, మా కంది చేను వరుసగా రెండేళ్ళు పోయింది. మనూర్ దగ్గర మా మేనత్త సంగమ్మ చేను మాత్రం రెండింటికీ తట్టుకుందని విని, చూసొద్దామని బయలుదేరాను. సంగారెడ్డిలో ఏడింటి బస్సెక్కితే నారాయణఖేడ్ చేరేసరికి పది దాటింది. వెళ్ళేవాళ్ళు అక్కడే ఏదైనా తినేయండి. మనూర్ ఆటో నిండేదాకా కదలదు, నిండాక ఇంకో ఇద్దరు ఎక్కుతారు.

అత్త తన చేను పల్లపు చివర, మంచి నల్లరేగడిలో కుంట తవ్వించింది. బంగారంలాంటి భూమిని నీళ్ళపాలు చేసిందని ఊరంతా నవ్విందట. కంది సాళ్ళ మధ్య అక్కడక్కడా లోతుగా కాలువలు తీసింది. చిన్న వానైతే అందులోనే ఇంకుతుంది, పెద్దదైతే కుంటకు పోతుంది. కుంట నిండితే మిగులు నీళ్ళు మత్తడి మీదుగా, అంటే అలుగు మీదుగా, కింది చేలోకి దిగాలి. చిక్కంతా అక్కడే. ఆ చేను ఆమె మరిది బసప్పది. గట్టు తగాదా వచ్చి ఇద్దరికీ మాటల్లేవు. ఆయన అడ్డం కడితే నీళ్ళు వెనక్కి తన్ని కంది కుళ్ళిపోతుంది.

జొన్నరొట్టె, పుంటికూర తిని చేయి కడుక్కునేలోగా వాన అందుకుంది. మూడింటికల్లా కుంట నిండింది. సంచులు నెత్తిన కప్పుకుని మత్తడి దాకా పరుగెత్తాం. కింద బసప్ప మామ అప్పటికే తన గట్టుకు పారతో గండి కొట్టి, నీళ్ళను చేను అంచు వెంట వాగులోకి మళ్ళిస్తున్నాడు. మావైపు తలెత్తి కూడా చూడలేదు.

"మాట బందైంది గని నీళ్ళ తోవ బంద్ గాలె, అల్లుడా," అంది అత్త.

మర్నాడు తిరుగు ఆటోలో బసప్ప మామ నా పక్కనే కూర్చున్నాడు. ఖేడ్ దగ్గరపడ్డాక మెల్లగా, పై చేన్ల కంది నిలిచిందా అని అడిగాడు. నిలిచిందన్నాను.

"పెసర తీసిన చేను చెక్కల శెనగ పెట్టుమను, పదును ఆరకముందే. నేను చెప్పిన్నని చెప్పకు."

బస్సు కదిలాక అత్తకు ఫోన్ చేసి, పేరు మింగేసి, శెనగ సంగతి మాత్రం చెప్పాను.

"ఎవరు చెప్పిన్రో నాకెర్కనే. గాయినకు గుడ విత్తనం తీసిపెడ్త. ఇగ నువ్వేం చెప్పకు," అంది అత్త.

కాలువల లోతు, కుంట కొలతలు తెలుసుకుందామని వచ్చాను, తెలుసుకున్నాను కూడా. కానీ ఊళ్ళో దిగగానే పార పట్టను. ముందు మా కింది చేనువాళ్ళ ఇంటికి వెళ్ళాలి.